పుక్కిట నీళ్ల పరుగు

తామ్రకోటలో ఎండ ఆకాశం నుంచి పడదు. నేలలోంచి లేస్తుంది. గోడల్లోంచి వస్తుంది. రాజు చండభానుడి పూర్వులు ఊరికి రాగి గోపురాలు ఎత్తారు, రాగి తలుపులు బిగించారు, అదీ చాలక రాజవీధి పొడుగునా రాగి పలకలు పరిపించారు. తెల్లవారేసరికి ఆ వీధి కుంకుమ ఆరబోసినట్టుంటుంది. పొద్దెక్కేకొద్దీ బంగారమవుతుంది, నిప్పవుతుంది, మధ్యాహ్నానికి కళ్లు పోయేంత తెల్లని మంటవుతుంది. ఆస్థాన కవులు దాన్ని సూర్యభగవానుడి శయ్య అని వర్ణించారు. వాళ్లలో ఒక్కడూ ఉత్త కాళ్లతో దాని మీద నాలుగడుగులు వేసిన పాపాన పోలేదు.

ఆ ఊళ్లో నీళ్లకి తాళం ఉంది.

నిజంగా తాళమే. దానికి మోచేతి పొడుగు కంచు తాళపుచెవి. కొండ ఊటలన్నీ జలకోట అనే పెద్ద తొట్టిలోకి చేరతాయి. అక్కణ్నుంచి ఏడు పేటలకి నేలకింద ఏడు కాలువలు, ఏడు తూములు. వేసవిలో ఒక్క తూమే ఎత్తుతారు. ఎవరిది ఎత్తాలో తేల్చడానికి ఏటా ఎండ ముదిరిన రోజున పరుగు పందెం. ఊరి తూర్పు గవిని వాకిలి నుంచి జలకోట దాకా కోసెడు దూరం, పేటకొక్కరు. గెలిచిన పేటకి వానలు పడేదాకా కాలువ పారుతుంది. ఓడిన పేటలకి కోటగుమ్మం దగ్గర మనిషికి రోజుకో చెంబు.

కోసెడు దూరం ఎవడైనా పరుగెత్తుతాడు. మెలిక వేరే ఉంది. బయల్దేరేటప్పుడు ఒక్కొక్కరి నోట్లో గరిటెడు నీళ్లు పోస్తారు. అవి పుక్కిట పట్టుకునే పరుగెత్తాలి. మింగకూడదు, ఒలకకూడదు. చివర జలకోట మెట్ల మీద వెండి గిన్నె ఉంటుంది. అందులో ఉమ్మితే నీళ్లు లోపలి గీత దాకా రావాలి. రాకపోతే అందరికన్నా ముందొచ్చినా ఓడినట్టే. నీటిని కాపాడగలవాడికే నీరు దక్కాలని ఎవరో పాతకాలపు రాణి పెట్టిన కట్టుబాటట. మాట గొప్పగానే ఉంది. ఆ రాణి గొంతెండి ఎన్నడైనా పరుగెత్తిందా అన్నది శాసనంలో రాయలేదు.

మూడేళ్లుగా గెలుస్తున్నది కోటపేట. అంటే మంత్రులు, సేనానులు, వాళ్ల గుర్రాలు. వాళ్ల తరఫున పరుగెత్తేవాడు వజ్రపాదుడు. ఎక్కడివాడో ఎవరికీ తెలీదు. పందెం నాడు ఒళ్లంతా గంధం పూసుకుని వస్తాడు, గెలుస్తాడు, మళ్లీ ఏడాది దాకా కనపడడు. రాజమాంత్రికుడు ధూమకంఠుడు తెచ్చిన మనిషి కాబట్టి అడిగే దమ్ము ఎవడికీ లేదు.

మూడేళ్లుగా ఎండుతున్నది ఆవంపేట. కుమ్మరుల పేట. నీళ్లు లేనిదే మట్టి తొక్కలేరు, మట్టి తొక్కనిదే కూడు లేదు. పోయినేడు ఎండలకి ఆ పేటలో పదకొండుమంది పసివాళ్లు పోయారు. ఈ ఏడూ తూము ఎత్తకపోతే కట్టుబట్టలతో పేట వదిలి పోవడమే.

ఈసారి మాత్రం గెలుస్తామని అందరికీ గట్టి నమ్మకం. తిప్పడున్నాడు. ఏడాది పొడుగునా పుక్కిట నీళ్లు పట్టుకుని మట్టి తట్టలు మోసినవాడు. పందెం రోజు పొద్దున్నే ఆ తిప్పడు మంచం మీంచి లేవలేదు.

"కాళ్లు కదలట్లేదే ఓబులీ" అన్నాడు చెల్లెలితో.

ఓబులి దుప్పటి తీసింది. మోకాళ్ల కింద కాళ్లు లేవు. మట్టి ఉంది. వేళ్లు, గోళ్లు, మడమల పగుళ్లు అన్నీ అచ్చం అన్నవే, కానీ మట్టి. బూడిద రంగు బంకమట్టి, ఇంకా తడారలేదు.

ఇంటి ముందు గోలైపోయింది. పక్కింటాయన దాచుకున్న చెంబెడు నీళ్లు తెచ్చి ఆ కాళ్ల మీద పోయబోయాడు. తిప్పడి మేనత్త దాలమ్మ ఒక్క గెంతు గెంతి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు బాబూ! కుమ్మరి పుటక పుట్టి ఇదేం పని? పచ్చి మట్టది. నీళ్లు పడితే పిల్లాడి కాళ్లు కరిగి గచ్చు మీద పారతాయి. తడిగుడ్డ చుట్టు. తడి చాలు, నీళ్లొద్దు. ఎండ పొడ కూడా తగలనివ్వకండి, నెర్రెలిస్తుంది."

దాలమ్మే గుడ్డ తడిపి చుట్టింది. ఆమె తమ్ముడు సారయ్య, అంటే ఈ పిల్లల తండ్రి, మూడేళ్ల కిందట రాజుగారికి బొమ్మలు చేయాలని కోట నుంచి పిలుపొస్తే వెళ్లాడు. దారిలో పాము కరిచి పోయాడని కబురొచ్చింది. శవం రాలేదు. అప్పట్నుంచి ఇద్దరినీ సాకింది దాలమ్మే.

"ఇది ధూమకంఠుడి చేతబడి. కొంప ముంచాడమ్మా!" అని ఆమె నోట కొంగు కుక్కుకుంది.

"సాయంత్రం ఏడుద్దాంలే అత్తా" అంది ఓబులి. "వాడి పంచె ఇలా ఇయ్యి. తలపాగా కూడా."

దాలమ్మకి అర్థం కావడానికి ఓ క్షణం పట్టింది. పందెంలో ఆడది పరుగెత్తకూడదని ఎక్కడా లేదు. వారం ముందు కోటకిచ్చిన పేరు మాత్రం మారకూడదు. అయితే ఎవరి పేట మట్టి వాళ్లు మొహానికి దట్టంగా పట్టించుకోవడం ఆచారం. మట్టి కింద ఎవరున్నారో కన్నతల్లికి కూడా తెలీదు. ఓబులికి పందొమ్మిదేళ్లు. కుండలు కాల్చిన ఆవం దించేటప్పుడు వేడి బూడిదలో ఉత్త కాళ్లతో తిరిగిన పిల్ల. పరుగులో అన్నని రెండుసార్లు ఓడించింది. వాడు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

"నువ్వు గెలిస్తే నా పరువు పోతుంది" అన్నాడు తిప్పడు మంచం మీంచి. నవ్వబోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకు. కన్నీళ్లు కాళ్ల మీద పడితే కరిగిపోతావు" అని ఓబులి మొహానికి తెల్లమట్టి పట్టించుకుంది.

* * *

పొద్దు నడినెత్తి దాటి కాస్త పడమరకి ఒరిగింది. ఎండ అసలు పదును చూపించేది అప్పుడే. తూర్పు గవిని ముందు ఏడుగురు వరసగా నిలబడ్డారు. రంగురంగుల మట్టి మొహాలు, మధ్యలో తెల్లని కళ్లు. పందెపు అధికారి గొడుగు నీడన కదిలి వచ్చాడు.

"పేరు?"

"తిప్పడు. ఆవంపేట" అంది పక్కనే ఉన్న దాలమ్మ.

"వాడికి నోరు లేదా?"

"ఉంది దొరా. నీళ్ల కోసం దాచుకున్నాడు. తెల్లారినప్పట్నుంచి నోరు మూసుకునే ఉన్నాడు. మీరూ ఓ పూట అలా ఉండి చూడండి, ఇంట్లో అమ్మగారు సంతోషిస్తారు."

జనం గొల్లున నవ్వారు. అధికారి మొహం ముడుచుకుని ముందుకి నడిచాడు. ఏ పక్కన ఎవరు పరుగెత్తాలో పేర్లు రాసిన తాటాకు చీటీలు తీసి చెప్పాడు. నీడ పక్క, అంటే దొరల పందిళ్లున్న ఎడమ పక్క, కోటపేటకే వచ్చింది. ఏటా దానికే వస్తుంది. తాటాకులు కూడా రాజభక్తి గలవే కాబోలు.

గరిటెడు నీళ్లు ఓబులి నోట్లో పడ్డాయి. గోరువెచ్చగా, రాగి చిలుము రుచితో. పెదాలు బిగించింది.

గంట కొట్టారు.

ఏడుగురూ ఒక్కసారి దూకారు. గవిని వీధి నిండా ఇసుక. కాలు వేస్తే దిగబడుతుంది, తీస్తే కాలుతుంది. ఓబులికి ముక్కే ఆధారం. రెండు బెజ్జాల్లోంచి ఒంటికి కావాల్సిన గాలంతా రావాలి. వచ్చేది ఆవం పొగలాంటి వేడి. నోట్లో ఇన్ని నీళ్లున్నాయి, గొంతు మాత్రం ఎండు కట్టె. అసలు నరకం అదే. నీళ్లు లేక చావడం వేరు, నాలుక మీద నీళ్లు పెట్టుకుని చావడం వేరు. గుటక దానంతటదే పడబోతుంటే ఆపాలి. అడుగడుగుకీ ఆపాలి.

రెండు వందల అడుగులు దాటేసరికి ఉప్పుపేట కుర్రాడు కళ్లు తేలేసి ఇసుకలో పడ్డాడు. ఎవరూ వెనక్కి చూడలేదు.

బజారు మలుపు తిరగ్గానే ఎదురుగా చలివేంద్రం.

అది నిన్నటిదాకా అక్కడ లేదు. పచ్చి తాటాకు పందిరి. పందిరికి వట్టివేళ్ల తడికలు, తడికల సందుల్లోంచి చల్లని గాలి. ఇసుక తిన్నె మీద వరసగా నల్లని కొత్త కుండలు, కుండల మెడల్లో మల్లెమాలలు. పక్కన అరటాకుల్లో కోసిన మామిడి ముక్కలు. చామనచాయ ఆడవాళ్లు నలుగురు వెండి గరిటెలతో మజ్జిగ తిరగబోస్తున్నారు. ఆ చప్పుడు చెవిన పడితేనే ప్రాణం లేచొస్తుంది.

"రండి నాయనా, ఒక్క గుక్క! పరుగెక్కడికి పోతుంది? ఎంత వాడిపోయారు తండ్రీ!"

నేతపేటవాడు అటు తిరిగాడు. వెనకే గానుగపేట. గొల్లపేట, మేదరపేట కూడా. నలుగురూ నోళ్లు తెరిచారు. పుక్కిట నీళ్లు జారి ఇసుకలో ఇంకాయి. ఆ క్షణమే గరిటెలు ఎండు ఎముకలయ్యాయి, మజ్జిగ బూడిదయింది. నలుగురూ ఖాళీ నోళ్లతో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఓబులి పాదాలు కూడా అటే తిరిగాయి. అబద్ధమెందుకు? నాలుగడుగులు వేసింది కూడా. కానీ కన్ను కుండల మీద పడింది.

కుండలకి చెమట లేదు.

నీళ్లున్న కొత్తకుండ ఈ ఎండకి బయటంతా చెమర్చాలి, కింద ఇసుక తడవాలి. ఇవి బూడిదలా పొడిగా ఉన్నాయి. కింద ఇసుక పొడి. అయితే అందులో నీళ్లు లేనట్టు, లేదా అవి కుండలే కానట్టు. కుమ్మరి బిడ్డకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఓబులి తల వంచి నేరుగా కుండల వరస మీదికే దూసుకుపోయింది. ఒక్క కుండా పగల్లేదు. పొగలా చెదిరి వెనక్కి పోయాయి.

ఇక మిగిలింది ఇద్దరు. పది బారల ముందు వజ్రపాదుడు.

అతను అలుపు లేకుండా పోతున్నాడు. ఒకటే అడుగు, ఒకటే ఎత్తు, కుమ్మరి సారె తిరిగినట్టు. ఎడమ పక్క దొరల పందిరి ఒకటి అయిపోయి ఇంకోటి మొదలయ్యేచోట రెండడుగుల ఎండ పడి ఉంది. వజ్రపాదుడు ఆ ఎండని వాగు దాటినట్టు గెంతి దాటాడు. ఓబులి కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ ఖాళీ వచ్చింది. మళ్లీ గెంతాడు.

ఎండని తొక్కని పరుగువీరుడా!

ఆమె పళ్లు బిగించి దూరం తగ్గించింది. ఎనిమిది బారలు. అయిదు. మూడు. అతని నుంచి చెమట వాసన రాలేదు. ఏదో తెలిసిన వాసన వచ్చింది. గాజులవాళ్ల కొలిమి దగ్గర వచ్చే వాసన. లక్క! వేడికి మెత్తబడుతున్న లక్క. గాలికి అతని తలపాగా అంచు ఎగిరింది. మెడ వెనక గంధం పెచ్చు రాలి ఉంది. ఆ కింద ఒక బొటనవేలి ముద్ర.

మధ్యలో నిలువునా చీలిక ఉన్న ముద్ర.

ఓబులి ఆ ముద్రని గుర్తుపట్టింది. ఆవంపేటలో ఏ ఇంటి కుండకైనా మెడ దగ్గర ఆ ఇంటి పెద్ద వేలిముద్ర ఉంటుంది. సారె పుల్ల తగిలి బొటనవేలు రెండుగా చీలిన కుమ్మరి ఆ పేట మొత్తానికి ఒక్కడే. సారయ్య. నాన్న!

పాము కరవలేదు. చావలేదు. ఈ బొమ్మ చేశాడు.

నోరు తెరిచి అరిచేదే. నీళ్లు పెదవి దాకా వచ్చాయి. మళ్లీ బిగించింది.

పరుగెత్తుతూనే ఒక్కొక్కటీ కలుపుకుంది. ఇది మట్టిబొమ్మ. కాల్చితే మోకాళ్లు వంగవు, కాబట్టి పచ్చిది. పచ్చిమట్టి నోట్లో నీళ్లు నిలవవు, అందుకని నోరంతా లక్క పూశారు. లక్కకి ఎండ పడదు. అందుకే నీడ పక్క. అందుకే ఏటా ఆ తాటాకు చీటీ. మూడేళ్లు దాగి, పదకొండుమంది పిల్లల్ని మింగిన రహస్యం ఇంతే, ఓ లక్క పూత!

నోట్లో ఉన్న నీళ్లు దాని మొహాన ఉమ్మితే చాలు, కరిగిపోతుంది. కానీ అప్పుడు వెండి గిన్నెలో ఏం పోస్తుంది? బొమ్మ ఓడుతుంది, ఆవంపేటా ఓడుతుంది. తాళపుచెవి కోటలోనే ఉంటుంది. ధూమకంఠుడు ఈ లెక్క కూడా వేసుకునే ఉంటాడు.

నీళ్లు వద్దు. ఎండే చాలు.

రాగివీధి మలుపు వచ్చింది. అక్కడ పందిళ్లు లేవు. ఆ పెనం పక్కన ఏ దొర కూర్చుంటాడు? పడమటి గోడ వెంట మూరెడు వెడల్పు నీడ మాత్రం ఉంది. బొమ్మ ఆ నీడ పట్టుకుని మలుపు చుట్టూ తిరగాలి. ఓబులి తిరగలేదు. నేరుగా కాలిన రాగి పలకల మీదికి దిగింది. పాదాల కింద చుర్రుమంది. బూడిదలో కాలిన పాదాలే అయినా ప్రాణం నెత్తికెక్కింది. ఇరవై అడుగులు అడ్డంగా కోసి, బొమ్మకన్నా ముందు నీడలోకి దూరింది. దూరి, అడుగు నెమ్మది చేసింది.

వెనక బొమ్మ ఆగలేదు. దానికి పరుగెత్తడం, అడ్డొచ్చినవాణ్ని నొక్కేయడం నేర్పారు, ఆగడం నేర్పలేదు. వచ్చి ఆమె వీపుని గుద్దింది. చల్లని మట్టి చెయ్యి భుజం మీద పడి గొంతు వెతుక్కుంది. వేళ్లు మెడకి చుట్టుకున్నాయి. ఓబులి కళ్లముందు చీకట్లు. గొంతు నొక్కితే నీళ్లు మింగాలి, లేదా కక్కాలి. చెంపలు ఉబ్బించి అలాగే పట్టింది. ఒక కాలు గోడకి తన్నిపెట్టి, తడి మట్టి ముద్దని పీట మీదికి విసిరే ఊపుతో ఒళ్లంతా ఒక్క విసురు విసిరింది.

బొమ్మ ఎండలో పడింది.

లేచింది. పరుగు అందుకుంది. ఒక్కో అడుక్కీ అరికాలు పెనానికి పిండి అంటినట్టు పలకకి అంటుకుని ఇంత మట్టి ముద్ద మిగిలిపోతోంది. పెదాల సందున ఎర్రటి లక్క కారింది. దాని వెనకే నీళ్లు. గడ్డం మీద, మెడ మీద, రొమ్ము మీద చారలు పడ్డాయి, చారలు కాలువలయ్యాయి. దవడ జారి కింద పడింది. అయినా పరుగెత్తింది! పాదాల్లేని కాళ్లతో, మొహంలేని తలతో పక్కనే పరుగెత్తింది. మెట్లు యాభై అడుగుల దూరంలో ఉన్నాయనగా మోకాళ్లు కూలి, రాగి మీద బురద ముద్దయి పరుచుకుంది. ఆ తడి కాసేపు సలసలమని ఆగిపోయింది.

వీధి పొడుగునా జనం ఆ బురదని చూడ్డానికి మెడలు చాచారు. ఓబులి ఆగకుండా మెట్ల దాకా పరుగెత్తింది.

మెట్ల పైన ముత్యాల గొడుగు కింద చండభానుడు. "వజ్రపాదుడికి ఏమయింది?" అన్నాడు.

"వడదెబ్బ మహారాజా" అన్నాడు పక్కనున్న ధూమకంఠుడు.

"వడదెబ్బ తగిలితే మనిషి మట్టవుతాడా అయ్యా!" అని జనంలోంచి ఎవడో అరిచాడు. ఎక్కణ్నుంచో నవ్వు, ఎక్కణ్నుంచో రాయి. భటులు ఈటెలు దించారు.

ధూమకంఠుడు వెండి గిన్నె తనే తీసుకుని మెట్లు దిగాడు. పొడుగాటి మనిషి. మెడ చుట్టూ బూడిదరంగు పొగ ఉత్తరీయంలా తిరుగుతూ ఉంటుంది. ఓబులికి ఎదురొచ్చి, గిన్నె ఇవ్వకుండా వెనక పట్టుకుని, ఆమెకి తప్ప ఎవరికీ వినపడకుండా మాట్లాడాడు.

"తిప్పడి కాళ్లు నా చేత్తో మట్టి చేశాను. కాబట్టి నువ్వు వాడి చెల్లెలివి. ఆ మాట నేను పైకి అనలేను, నువ్వూ అనలేవు. సరే. మీ నాయన బతికే ఉన్నాడు పిల్లా. ఎక్కడున్నాడో చెప్తాను. ఒక్కసారి అడుగు. ఎక్కడ అని ఒక్క మాట అను, చాలు."

ఓబులి నోరు బిగించి నిలబడింది. కళ్లలోంచి నీళ్లు కారి మొహం మీది తెల్లమట్టి చారలు పడింది. ఆ ఒక్క మాట గొంతులో కుమ్ముతోంది. మూడేళ్లుగా కుమ్ముతున్న మాటే. నోరు విప్పితే నాన్న. విప్పకపోతే నీళ్లు.

"అడగవా? అంత కర్కశమా? కన్నతండ్రి కదే!"

ఓబులి చెయ్యి చాచి అతని వెనకనున్న గిన్నె అందుకుంది. అతను వదల్లేదు. ఆమే వంగి, అతని చేతిలో ఉండగానే గిన్నెలో ఉమ్మింది. నీళ్లు గీత తాకాయి. గీత దాటాయి.

ఆవంపేట జనం ఒక్క పెట్టున కేక వేశారు. రాగి గోపురాలు మార్మోగాయి. రాజుకి ఇష్టం ఉన్నా లేకపోయినా ఇంతమంది ముందు చేయగలిగింది ఒక్కటే. మోచేతి పొడుగు కంచు తాళపుచెవి ఓబులి చేతికొచ్చింది. కట్టుబాటు ప్రకారం భటులు గడియ కుడుకని మెట్ల పక్కనున్న చిన్న నీళ్ల తొట్టిలో వదిలారు. అడుగున చిల్లున్న రాగి గిన్నె. అది నిండి రెండుసార్లు మునిగేలోగా తూము ఎత్తాలి. ఎత్తకపోతే తాళపుచెవి మళ్లీ కోటకే.

"ఇప్పుడు అడుగుతున్నా. ఎక్కడ?" అంది ఓబులి. గొంతు బొంగురుగా, రక్తం రుచితో వచ్చింది.

ధూమకంఠుడు నవ్వాడు. "గెలిచావుగా, ఊరికే చెప్తాను. మీ పేట కాలువ మూడేళ్లుగా ఎండిపోయి ఉంది. అంత చల్లని గుహ ఊళ్లో ఇంకోటి లేదు, మట్టి ఆరకుండా ఉంటుంది. మీ నాయన సారె అక్కడే పెట్టించాను. కాలికి గొలుసుంది. ఎత్తుకో నీ తూము! నీళ్లు మొదట విరుచుకుపడేది అతని నెత్తి మీదే."

అని పొగ ఒక్కసారి ఒళ్లంతా చుట్టుకున్నాడు. పొగ తూము పక్కన కాలువలోకి దిగే చిన్న ఇనుప తలుపు సందులోంచి లోపలికి జారిపోయింది.

దాలమ్మ రొప్పుతూ వచ్చి పడింది. ఓబులి నాలుగు ముక్కల్లో చెప్పింది. దాలమ్మ మెట్టు మీద కూలబడింది. తొట్టిలో కుడుక అప్పటికే సగం నిండింది. వెనక పేట జనం ఖాళీ బిందెలు మోగిస్తున్నారు. వాళ్లకి ఇవేమీ తెలీదు.

"తూము ఎత్తొద్దే" అంది దాలమ్మ. వెంటనే నోరు నొక్కుకుంది. జనంలో ఒక తల్లి చంకన బిడ్డ నాలుక బయట పెట్టి తల వాల్చి ఉంది. దాలమ్మ ఆ బిడ్డనే చూస్తూ "ఎత్తకపోతే ఎట్లాగే?" అంది.

ఓబులి తాళపుచెవి ఆమె ఒళ్లో పెట్టింది.

"నువ్వే ఎత్తు. రెండో కుడుక మునిగేటప్పుడు ఎత్తు. నేను బయటికొచ్చినా సరే, రాకపోయినా సరే. ఇంకో మాట. ఎత్తాక ఆ తాళపుచెవి వాళ్ల చేతికివ్వకు. రాగివీధిలో వేసి రాయి పెట్టి కొట్టించు. నీళ్లకి తాళం వేసినవాణ్ని అడగడం మానేసి, తాళం కోసం పరుగెత్తుతున్నాం ఇన్నాళ్లూ."

"లోపల ఏముందో తెలీకుండా ఎలా పోతావే! చేతిలో కత్తయినా లేదు."

ఇనుప తలుపు వెనక చీకట్లోంచి ఏదో చప్పుడొస్తోంది. ఒకటే అడుగు, ఒకటే ఎత్తు. ఒకటి కాదు, పది, ఇరవై జతల కాళ్లు. మెత్తగా, తడిగా. మూడేళ్లలో సారయ్య చేత ఒక్క బొమ్మే చేయించి ఊరుకుంటాడా ఆ మాంత్రికుడు!

పేటలో ముసలాయన ఒకడు చెంబు పట్టుకొచ్చాడు. "తాగమ్మా, పొద్దున్నుంచి గుక్క పడలేదు నీకు. ఇక మింగొచ్చు తల్లీ."

ఓబులి చెంబు ఎత్తి నోటినిండా పట్టింది. మింగలేదు. చెంపలు ఉబ్బించి, పెదాలు బిగించి, దాలమ్మ వైపు ఒక్కసారి చూసింది. దాలమ్మకి అర్థమైంది. పచ్చి మట్టి!

తొట్టిలో మొదటి కుడుక బుడుంగున మునిగింది. ఓబులి ఇనుప తలుపు లాగి, వంగి, చీకట్లోకి దిగింది. ఈసారి పుక్కిట నీళ్లు దాచుకోవడానికి కాదు, ఉమ్మడానికి.